మొగ దాటే వేళ

నీళ్ళు ఆగిన 409వ రోజు

నీటి మరలో మూడో పొర చిరిగింది. ఉప్పునీటిని మంచినీరు చేసే పొరలు ఇక రెండే మిగిలాయి. ఈ ఉదయం నుంచి మనిషికి రోజుకు రెండు చెంబులు కాదు, ఒకటే. చంటిపిల్లల తల్లులకు ఒకటిన్నర. వరుసలో నా ముందున్నామె చెంబు అందుకుని సగం అక్కడే తాగేసి, మిగతా సగం మీద కొంగు కప్పి పట్టుకెళ్ళింది. ఎండకు ఇంకిపోకుండా అనుకుంటాను. ఎవరూ నవ్వలేదు.

మా తాతల కాలంలో ఇవి దీవులు కావు, కొండలు. సముద్రం పైకొచ్చి ఊళ్ళను మింగాక కొండలెక్కినవాళ్ళం దీవులవాళ్ళమయ్యాం, లోపలికి జరిగినవాళ్ళు గట్టువాళ్ళయ్యారు. భాష ఒకటే, దేవతలూ ఒకటే. గట్టు మీది పెద్దలాకుల నుంచి సముద్రం అడుగున వేసిన గొట్టంలో మాకు మంచినీళ్ళు వచ్చేవి. పడవలన్నీ తమ పేర రాసిమ్మని గట్టువాళ్ళు అడిగారు. మేం రాసివ్వలేదు. లాకుల దగ్గర గొట్టం చక్రం బిగించేశారు. అప్పటి నుంచి ఇది నాలుగు వందల తొమ్మిదో రోజు. తొమ్మిది వేల మందిమి ఉన్నాం. నిన్నటికి.

నా పేరు గరికిన కొర్లమ్మ. దీవి మీద ఆటుపోట్ల పట్టీ రాయడం నా ఉద్యోగం. ఉపగ్రహాలన్నీ పడిపోయాక, సముద్రం ఏ వేళకు ఎంత ఎత్తుకొస్తుందో చెప్పడానికి మిగిలినవి ఒక కొలకర్ర, ఒక గడియారం, నేను.

మధ్యాహ్నం దళపతి లోకనాథం గారు కబురు పెట్టారు. ఆయన ఒకప్పుడు రేవులో పూడిక తీయించే ఇంజనీరు. యుద్ధం ఆయన్ని దళపతిని చేసింది. తలుపు వేయించి ఒకే ప్రశ్న అడిగారు.

"రోహిణి కార్తెలో నడిమధ్యాహ్నం పోటు ఉండే రోజులు ఏవమ్మా?"

"మూడే అండి. షష్ఠి, సప్తమి, అష్టమి. ఇవాళ్టికి పదమూడో రోజు షష్ఠి."

"మిగిలిన పొరలు అంతదాకా ఆగుతాయా?"

"అది మర దగ్గరవాళ్ళను అడగాలండి."

"అడిగాను. ఆగొచ్చు అన్నారు." తర్వాత చాలాసేపు మొహం మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నేను వెళ్ళొచ్చో లేదో తెలియక నిలబడే ఉన్నాను.

411వ రోజు

ఇది రాయకూడదు. రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది. పట్టీ వెనక పేజీల్లో రాస్తున్నాను.

మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దానికి రెండు వైపులా గట్టువాళ్ళ మరఫిరంగులున్నాయి. వాటికి మనుషులు అక్కర్లేదు. వేడిని చూసి కాలుస్తాయి. ఇంజను వేడి, బ్యాటరీ వేడి, ఒంటి వేడి, ఏదైనా సరే. కిందటేడు మాఘంలో నలభై పడవలు చీకటి చూసుకుని వెళ్ళాయి. చల్లటి నీళ్ళ మీద మనుషులు ఆ ఫిరంగుల కళ్ళకు నిప్పుకణికల్లా కనిపించి ఉంటారు. ఒక్క పడవా తిరిగి రాలేదు.

అందుకే రోహిణి కార్తె. అందుకే నడిమధ్యాహ్నం. రోళ్ళు పగిలే ఎండలో నీళ్ళూ ఇసుకా గాలీ అన్నీ కాగిపోయి ఉన్నప్పుడు, తడిపిన తుంగచాప కింద పడుకున్న మనిషి ఆ కళ్ళకు సముద్రంలో ఒక అల. ఆ ఫిరంగుల మీద నమ్మకంతో గట్టువాళ్ళు మనుషుల కాపలా దాదాపు తీసేశారు. ఉన్న కొద్దిమందీ మధ్యాహ్నం నీడకు పోతారు.

నూట అరవై చెక్క పడవలు. పడవకు పదిహేను మంది. ఇంజను లేదు, రేడియో లేదు, తెడ్లే. దక్షిణపు గాలి, నీటి ఒరవడి ఈ నెలలో మొగ వైపే తోస్తాయి. అయితే మొగలో ఇసుక మేట ఉంది. పోటు నిండుగా ఉన్నప్పుడే పడవలు దాని మీదుగా దాటగలవు. దాటితే లాకుల గదికి రెండు వందల గజాలు. అంత దగ్గరకొస్తే ఫిరంగులు కిందికి వంగి కాల్చలేవు. రాజ్యం కోసం కాదు, ఒక చక్రం తిప్పడం కోసం రెండు వేల నాలుగు వందల మంది వెళ్తున్నారు.

ఒక చిక్కుంది. మొగకు ఆఖరి మైలులో తడిచాప కూడా చాలదు. అక్కడ ఆ కళ్ళను ఇంకో వైపు తిప్పాలి. అవి ఎక్కడ ఎక్కువ వేడి ఉంటే అటే చూస్తాయి. ఉత్తరం వైపు ఏడు ఇంజను పడవలు తిరుగుతూ ఉండాలి. చుక్కాని తాడుతో కట్టి వదిలేస్తే కుదరదు, పరీక్షించారు. తిన్నగా పోయే పడవ మీద ఆ ఫిరంగులు రెండు గుండ్లు వేసి ముంచేస్తాయి. మెలికలు తిప్పుతూ నడిపే మనిషి కావాలి. పడవకు ఒకడు.

దీవుల్లో మిగిలిన ఇంజను పడవలు సరిగ్గా ఏడు. వాటిని ఇన్నాళ్ళు బతికిస్తున్నది నా మొగుడు మసేను.

"ఎవరు ఎల్తారు?" అని నేనే అడిగాను, ఇంటికొచ్చాక.

మసేను గ్రీజు చేతులు బూడిదతో రుద్దుకుంటున్నాడు. "ఒక ఇంజను నా సెయ్యి పడితేగాని తిరగదు. నీకు తెల్దా?"

"తెల్సు మావా."

"మరెందుకు అడగడం."

416వ రోజు

రాజులమ్మత్త గట్టు నుంచి వచ్చింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. సున్నం కోసం గుల్ల ఏరే ముసలాళ్ళను కొందరిని గట్టువాళ్ళు ఫిరంగులు ఆపి, సైనికుల కాపలాతో మొగ మేట మీదకు రానిస్తారు. ఆమె అక్కడ గుల్ల ఏరుతుంది, నీళ్ళు తన ఒంటి మీద ఎక్కడిదాకా వచ్చాయో చూసి వచ్చి నాకు చెబుతుంది. ఏడాదిగా నా కొలకర్ర ఆమె కాళ్ళే.

పట్టీ ప్రకారం షష్ఠి నాడు మేట మీద నడుములోతు నీళ్ళు ఒంటిగంటకు ముందే రావాలి. కిందటి పక్షం షష్ఠికీ పట్టీ వేళ అదే. ఆమె మేట మీద మొదట చూసింది ఆ రోజే.

"కాదమ్మీ," అంది. "ఒంటిగంటకి లాకుల కాడ కూత ఏస్తారు గదా, కావిలోలు మారే కూత. అప్పటికి నాకు మోకాలే. ఇంకా సగం బుట్ట ఏరేక గాని మొలదాకా రాలేదు."

"రెండో రోజు?"

"రెండో రోజూ అంతే ఆలీసెం. మొగ మూతిలో పాత బల్లకట్లు ముంచి రాళ్ళు పోసేర్రా. నీరు సన్నంగా దూరతంది. కుండ మూతి బిగిస్తే నిండడానికి టైం పట్టదా మరి?"

నేను పట్టీ మూసేశాను. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్న పట్టీ. గట్టువాళ్ళు నాలుగు బల్లకట్లు ముంచి దాన్ని పనికిరాకుండా చేశారు.

సగం బుట్ట. ఒంటిగంట తర్వాత సగం బుట్ట. అదొక్కటే ఇప్పుడు నా దగ్గరున్న లెక్క.

417వ రోజు

ఉదయం నుంచి రాజులమ్మత్తను మన దీవి ఒడ్డున గుల్ల ఏరమన్నాను. పక్కన గడియారం పట్టుకుని నిలబడ్డాను. మొదటిసారి సగం బుట్ట ఇరవై మూడు నిమిషాల్లో నిండింది. రెండోసారి ఇరవై ఎనిమిది. మూడోసారి ముప్పై మూడు, ఆమె అలసిపోయింది. ఆమెకు నా చెంబులో నీళ్ళు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడ ఎంత సేపట్లో నిండిందత్తా? ఇంత బేగి ఏరతావా అక్కడ?"

"ఒకోసారి బేగి. సోల్జరొచ్చి పక్కన నిలబడితే సెయ్యాడదు. సెప్పలేనే తల్లీ. గెడియారం లేదు గదా నా కాడ." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పు సెప్తే నీ పడవలోలు సచ్చిపోతారు. నన్నడక్కు."

ఇంకొకసారి ఆమెను పంపే వీల్లేదు. గట్టువాళ్ళు గుల్ల ఏరేవాళ్ళను నెలకు నాలుగు రోజులే రానిస్తారు. ఆ నాలుగూ అయిపోయాయి.

సాయంత్రం లోకనాథం గారికి చెప్పాను. "నీళ్ళొచ్చాక పడవలన్నీ దాటడానికి ఏడు నిమిషాలు వేసుకుంటే, ఆఖరి పడవ మొగ దాటేసరికి తొందరగా అయితే ఒకటీ ముప్పై, ఆలస్యమైతే ఒకటీ నలభై. అంతకంటే దగ్గరగా చెప్పలేనండి."

"ఇంజను పడవలవాళ్ళకు ఒకటే వేళ చెప్పాలమ్మా. రేడియో లేదు, మధ్యలో మార్చలేం. పొగ, జెండా అంత దూరానికి కనపడవు. ఏదో ఒకటి చెప్పు."

"మీరు చెప్పండి."

"నాకు నీళ్ళు తెలియవు," అన్నారు. "పూడిక తీయడమే తెలుసు."

419వ రోజు

రెండు రోజులుగా అదే లెక్క.

ఒకటిన్నర అని చెప్పి, నీళ్ళు ఆలస్యంగా వస్తే, ఇంజను పడవలు వెనక్కి తిరగగానే ఫిరంగుల చూపు మొగ మీదకు మళ్ళుతుంది. అప్పటికి నూట అరవై పడవలు మేట బయట నీళ్ళ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. పది నిమిషాలు చాలు.

ఒకటీ నలభై అని చెప్పి, నీళ్ళు తొందరగా వస్తే, ఏడుగురు పది నిమిషాలు ఊరికే తిరుగుతారు.

రెండు వేల నాలుగు వందలు ఒకవైపు, ఏడుగురు ఒకవైపు. చిన్నపిల్లలకైనా తెలిసే లెక్క. ఆ ఏడుగురిలో మసేను లేకపోతే నాకు రెండు రోజులు పట్టేది కాదు. ఒకటిన్నర అని రాసి రెండుసార్లు కొట్టేశాను. రాస్తున్నాను కాబట్టి నిజమే రాస్తాను. ఆ రెండుసార్లూ నీటి గురించి ఆలోచించి రాయలేదు.

మర దగ్గర ఇవాళ నాలుగో పొర చిరిగింది. చెంబు అరచెంబైంది.

వెళ్ళి చెప్పాను. ఒకటీ నలభై.

ఇంట్లో మసేనుకు నేనే చెప్పాను. వేరేవాళ్ళ నోట వినకూడదని.

"మావా, ఒంటిగంటకి మొదలెట్టి ఒకటీ నలభై దాకా తిరగాల."

"మొన్న ఒకటిన్నర దాకే అన్నారు గదే."

"రాజులమ్మత్త బుట్ట లెక్క తేల్లేదు. ముందే ఆపేస్తే పడవలోలు దొరికిపోతారు."

వేళ్ళ మీద లెక్కేశాడు. తర్వాత, "నలభై నిమిసాలకి నూని సాలదే," అన్నాడు. "సేపనూని కలపాల. పొగొస్తాది. వస్తే మంచిదే, బాగా కనపడతాను."

"నలభై అని సెప్పింది నాను."

"తెల్సు. నువ్వు గాక ఇంకెవులు సెప్తారు?" నా మొహం చూసి ఆగాడు. "కొర్లమ్మా, నీళ్ళ మాట నువ్వు సెప్తే ఇరవై ఏళ్ళు వలేసేను. ఇప్పుడు మాత్రం నమ్మనేటి?"

నాకు కోపం వచ్చింది. నమ్మకపోతే బాగుండేది.

422వ రోజు. షష్ఠి

లాకుల గది మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

మేట మీద నీళ్ళు చూసి జెండా ఎత్తడానికి మొదటి పడవలో నన్ను రమ్మన్నారు. ఉదయం ఏడుకు బయలుదేరాం. మసేను వాళ్ళు అప్పటికే ఉత్తరం రేవుకు వెళ్ళిపోయారు. రాత్రే వీడ్కోలు అయిపోయింది కనుక పొద్దున మాట్లాడుకోవడానికి ఏమీ లేదని ఇద్దరం అనుకున్నాం. పొరపాటు. చాలా ఉంది.

తడిచాపల కింద పడుకుని, చాప అంచు కింద నుంచి తెడ్లు వేశాం. పావుగంటకొకసారి చాపల మీద సముద్రపు నీళ్ళు చల్లాలి. ఒంటి మీద ఉప్పు మండుతోంది. మా పడవలో ఒకాయన దాహానికి ఆగలేక ఆ నీళ్ళే తాగి వాంతి చేసుకున్నాడు. పక్కవాడు ఆయన నోరు నొక్కి పట్టుకున్నాడు, దగ్గు వినపడకుండా.

ఒంటిగంటకు లాకుల కూత వినబడింది. వెంటనే ఉత్తరం నుంచి ఇంజన్ల చప్పుడు. తర్వాత ఫిరంగులు. ఆ మోత నీళ్ళ మీద నుంచి వచ్చి పడవ చెక్కల్లో నుంచి ఛాతీలోకి తగులుతుంది. నేను అటు చూడలేదు. చూస్తే నీళ్ళు చూడలేను. మేట మీద నురుగు చూస్తున్నాను, ఇసుక రంగు చూస్తున్నాను. ఒకటీ పది, ఇంకా లేత పసుపే. ఒకటీ ఇరవై, ముదురు. కొలగెడ దించాను. ఇంకా జానెడు కావాలి. వెనక నూట యాభై తొమ్మిది పడవలు గాలికి ముందుకు తోసుకొస్తున్నాయి. తెడ్లు అడ్డం పెట్టి ఆపుతున్నారు.

ఫిరంగి. ఆగింది. మళ్ళీ ఫిరంగి.

ఒకటీ ఇరవై ఆరుకు గెడ మీద గీత మునిగింది. జెండా ఎత్తాను.

బారుగా ఒక్కసారే వెళ్ళాం. మా పడవ అడుగు రెండుసార్లు ఇసుకను రాసుకుంది, ఆగలేదు. మొగలోకి దిగాక వెనక్కి తిరిగి పడవలు లెక్కపెట్టాను. మూడు మేట మీద ఇరుక్కున్నాయి, అందులోవాళ్ళు దిగి ఈదుతున్నారు. మిగతా పడవల్లో ఆఖరిది దాటినప్పుడు గడియారం చూశాను. ఒకటీ ముప్పై మూడు.

ఉత్తరాన ఇంకా ఒక ఇంజను చప్పుడు వినబడుతూనే ఉంది.

"అయిపోయింది, ఎల్లిపో," అని అరిచాను. నాకు తెలియకుండానే నిలబడి అరుస్తున్నాను. పక్కనున్నాయన నన్ను కిందికి లాగాడు. నాలుగు మైళ్ళ అవతల ఉన్నవాడికి ఎలా వినపడుతుంది?

లాకుల గదిలో పన్నెండుమందే ఉన్నారు. ఎనిమిదిమంది లొంగిపోయారు. చక్రం తుప్పుపట్టి బిగుసుకుంది. ఆరుగురు గడ్డపారలు వేసి తిప్పారు. గొట్టంలో నీళ్ళు కదిలిన చప్పుడు నేల కింద నుంచి వచ్చింది. మగవాళ్ళు నేల మీద పడుకుని చెవులు ఆనించి వింటున్నారు. ఎవరో ఏడుస్తున్నారు.

నేను ఒడ్డుకు పోయి నిలబడ్డాను. ఇంజను చప్పుడు లేదు.

424వ రోజు

ఇంజను పడవల్లో ఒక్కటీ తిరిగి రాలేదు.

లోకనాథం గారు ఫిరంగుల గదిలోకి నన్ను తీసుకువెళ్ళారు. ఆ మర తాను ముంచిన పడవల వేళలన్నీ తానే రాసుకుంటుంది. కాగితం చుట్టగా బయటకు వస్తుంది. షష్ఠి నాటివి ఏడు వరుసలు. ఒకటీ ఆరు. ఒకటీ తొమ్మిది. ఒకటీ పదిహేను. ఒకటీ పదహారు. ఒకటీ ఇరవై రెండు. ఒకటీ ఇరవై తొమ్మిది. ఒకటీ ముప్పై ఎనిమిది. పేర్లు లేవు. మరకు పేర్లెందుకు.

ఆరుగురు మా కోసం పోయారు. వాళ్ళు లేకపోతే మేం లేము. ఏడో అతను మేం దాటిపోయాక అయిదు నిమిషాలు తిరిగాడు, నేను ఉండమన్నాను కనుక.

లోకనాథం గారు కాగితం రెండుసార్లు చదివారు. "నివేదికలో 'అనుకున్న వేళకు' అని రాయమ్మా. ఆఖరి పడవ ఒకటీ నలభైకి దాటిందని. ఎవరికీ నష్టం లేదు."

"ముప్పై మూడుకండి."

"తెలుసు. ఆ ఏడు ఇళ్ళవాళ్ళ గురించి చెబుతున్నాను. నీ గురించి కూడా."

ముప్పై మూడు అనే రాశాను. ఆయన ఇంకోసారి చదివి, కింద సంతకం పెట్టారు.

431వ రోజు

రోజుల లెక్క ఇక అక్కర్లేదు, నీళ్ళు వస్తున్నాయి. అలవాటు కొద్దీ రాస్తున్నాను. గట్టువాళ్ళు మాట్లాడుకుందామని మనుషుల్ని పంపారు. చక్రం మన చేతిలో ఉన్నంతకాలం మాట్లాడతారు. వీధి చివర కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు నిండినా వెళ్ళరు, కారుతున్న నీళ్ళను చూస్తూ నిలబడతారు.

సాయంత్రం సీతాలు వచ్చింది. ఏడుగురిలో ఒకడైన ఎర్రయ్య పెళ్ళాం. మాకు వెనక వీధి. గుమ్మంలోనే నిలబడింది.

"ఆ పిరంగుల కాయితం నీ కాడుందంట. సదువు, ఇంటాను."

చదివాను. ప్రతి వేళకూ ఆమె తల ఊపింది. ఏడోది అయ్యాక, "ఆకరోడు ఎవులు?" అంది.

"తెలీదు సీతాలూ. అంకెలే ఉన్నాయి." ఇంకా చెప్పాలి, చెప్పాను. "ఆకరోడు సావక్కర్లేదు. మా పడవలన్నీ ముందే దాటీసేయి. నలభై దాకా ఉండమని సెప్పింది నానే. నా లెక్క తప్పు."

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. తిట్టలేదు, కొట్టలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆడు నీ మొగుడే అనుకుంటన్నావా?"

"అవ్వాలనుకుంటన్నాను." తొమ్మిది రోజులుగా ఎవరితోనూ అనని మాట అది. "మసేనే అయితే నా తప్పు నా ఇంటినే తీసింది. ఇంకోల కొంప కూల్చలేదు."

సీతాలు కాగితం తన వైపుకు లాక్కుంది. ఆమెకు చదువు రాదు. ఏడో వరుస మీద వేలు పెట్టి, "ఇదేనా ఆకర్ది?" అని అడిగింది.

"అవును."

"ఆరుగురు పోయేక కూడా ఒక్కడూ ఉన్నాడు గదా ఇక్కడ. తొమ్మిది నిమిసాలు. గాలి పీల్సేడు. ఎండ సూసేడు. ఇంటికి ఎల్దామనుకున్నాడు." వేలు తీయలేదు. "నీకది తప్పు. నాకు తప్పు కాదే. మా ఎర్రయ్య అందరికన్నా ముందే పోయేడని నాను పిల్లలకి సెప్పలేను. ఈ ఆకరి వరస నాకు ఒగ్గియ్యి కొర్లమ్మా."

లోకనాథం గారు అడిగిన అబద్ధం రాయని చెయ్యి ఇది. మసేను ఎప్పుడు పోయాడో నాకెప్పటికీ తెలియదు. ఆఖరిదాకా ఉన్నాడని అనుకోవడమొక్కటే నాకు మిగిలింది. అది ఈమె అడుగుతోంది.

కలం తీశాను. ఏడో వరుస పక్కనున్న ఖాళీలో, ఆమె చూస్తుండగా, ఎర్రయ్య అని రాశాను. ఏం రాశానో చదివి వినిపించమంది. వినిపించాను.